సాకెట్టులో వేసిన ఆ తీగ ముక్క ముందు తీయించండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మామగారి నాటి పెంకుటిల్లు, దాన్ని ఆనించి తర్వాత వేసుకున్న రెండు స్లాబు గదులు. కొంతకాలంగా వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. వాన పడ్డ రోజుల్లో బాత్రూం కుళాయి కూడా అలాగే ఉంటోంది. చెప్పులు వేసుకుంటే ఏమీ తెలియదు. కరెంటు మిస్త్రిని పిలిస్తే టెస్టర్ పెట్టి చూసి, "మీ ఇంటికి ఎర్త్ లేదు, న్యూట్రల్‌తో కలిపేస్తే పోతుంది" అని సాకెట్టులో చిన్న తీగ ముక్క బిగించాడు. నిజంగానే పోయింది. తర్వాత పెద్ద వాన పడలేదు కాబట్టి కుళాయి సంగతి తెలియదు. పాతపట్నంలో ఉండే మా తమ్ముడు అది చాలా ప్రమాదం, తీయించెయ్యమంటున్నాడు. అత్తగారేమో ఆగిపోయిన దాన్ని ఎందుకు కెలకడం అంటున్నారు. దసరాకి ఇన్వర్టర్ కొనాలని డబ్బు దాచుకున్నాం. ఇంటి వైరింగ్ మొత్తం మార్చాలా? ఏది ముందు చేయించుకోవాలి? ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ తమ్ముడు చెప్పిందే నిజం. ఇది చదువుతున్నది ఆపి ముందు మెయిన్ ఆపండి, ఆరిన చేతులతో, కాళ్లకి చెప్పులతో వాషింగ్ మెషీన్ ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు బయటికి రావాలి. ఆ సాకెట్టులో ఇంకేదీ పెట్టకండి, మిక్సీ అయినా సరే, ఇస్త్రీపెట్టె అయినా సరే. మిస్త్రి వచ్చి తీగ ముక్క తీసేదాకా దాని మీద ప్లాస్టరు అంటించి ఉంచండి. మిగిలిన పనులు నెమ్మదిగా చేయించుకోవచ్చు. ఇది మాత్రం ఈ రోజే జరగాలి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో వివరిస్తాను. మీ అత్తగారికీ ఇదే చదివి వినిపించండి.

మూడు కన్నాల సాకెట్టులో పైన ఉండే లావు కన్నం ఎర్త్‌ది, అంటే రేకు మీదికి వచ్చిన కరెంటుని భూమిలోకి పంపే తీగది. కింద రెంటిలో ఒకటి కరెంటు తెచ్చే ఫేజుది, ఇంకోటి దాన్ని వెనక్కి తీసుకుపోయే న్యూట్రల్‌ది. మీ ఇంట్లో ఎర్త్ కన్నం భూమికి కలిసి లేదు. మిస్త్రి పక్కనున్న న్యూట్రల్ కన్నం వెనక నుంచి చిన్న ముక్క తెచ్చి దానికి బిగించాడు. ఇప్పుడు మెషీన్ రేకు మీదికి ఏ కాస్త కరెంటు వచ్చినా న్యూట్రల్‌లోకి పోతుంది, మీ చేతికి తెలియదు. అందుకే జివ్వుమనడం ఆగింది. అయితే ఆ న్యూట్రల్ ఎక్కడి దాకా వెళ్తుందో ఒకసారి ఆలోచించండి. సాకెట్టు నుంచి బోర్డుకి, బోర్డు నుంచి మెయిన్‌కి, పాత ఇళ్లలో అయితే అక్కడ ఒక పింగాణీ ఫ్యూజుకి, ఆ తర్వాత మీటరుకి, మీటరు నుంచి సర్వీసు వైరులో వీధి స్తంభం దాకా, స్తంభం మీద తీగకి మెలితిప్పి చుట్టిన ముడి దాకా వెళ్తుంది. ఈ దారిలో ఎక్కడ ఊడినా మీ ఇంటి న్యూట్రల్‌కి వెనక్కి పోయే దారి ఉండదు.

అప్పుడు ఏమవుతుంది? ఫ్యాను స్విచ్ వేసి ఉందనుకుందాం. ఫేజు కరెంటు ఫ్యానులోకి వెళ్లి, అవతలి వైపు న్యూట్రల్ తీగలోకి వచ్చి, ముందుకు పోలేక అక్కడే నిలబడుతుంది. ఇంట్లోని న్యూట్రల్ తీగ మొత్తం 230 వోల్టులకు ఎక్కుతుంది. ఫ్యాను తిరగదు, లైటు వెలగదు, అందరూ కరెంటు పోయిందనే అనుకుంటారు. కానీ ఆ తీగ ముక్క పుణ్యాన న్యూట్రల్‌లో ఉన్నదంతా వాషింగ్ మెషీన్ రేకు మీద ఉంటుంది. చీకట్లో తడి చేత్తో ఎవరైనా దాని మీద చెయ్యి వేస్తే ఫ్యాను గుండా వచ్చే కరెంటు చాలు, ప్రాణం పోవడానికి. ఇందులో ఫ్యూజు కొట్టదు, ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్) పడదు. మెషీన్‌లో ఏ లోపమూ లేకపోయినా ఇలా జరుగుతుంది.

ఇంకో దారి కూడా ఉంది. స్తంభం దగ్గర సర్వీసు వైరు తెగితే మళ్లీ అతికేటప్పుడు ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యే అవకాశం ఉంది. మామూలు ఇంట్లో ఇది ఎవరికీ తెలియదు, లైట్లు ఎప్పటిలాగే వెలుగుతాయి. మీ ఇంట్లో మాత్రం తారుమారైన ఆ క్షణం నుంచే మెషీన్ రేకు నేరుగా ఫేజుకి అంటుకుని ఉంటుంది.

మన వైపు ఈ రెండూ ఊహకి అందని సంగతులు కావు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని ఎలా ఊపేసిందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. అలాంటి గాలివాన తర్వాత వేల ఇళ్లకి సర్వీసు వైర్లు హడావిడిగా, చీకట్లో, వానలో అతకాల్సి వస్తుంది. మీరు ఉత్తరం రాసిందేమో దసరాకి ముందు. అందుకే తొందర పెడుతున్నాను.

ఆ మిస్త్రిని తిట్టకండి. ఎర్త్ లేని ఇంట్లో షాక్ ఆపమంటే చాలామంది చేసే పనే అతనూ చేశాడు. అతన్నే పిలిచి తీయించవచ్చు. కానీ మిగతా పనికి మాత్రం వైర్‌మన్ పర్మిట్ ఉన్న మనిషిని పెట్టుకోండి. ఒడిశాలో ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే పర్మిట్ అది. ఆంధ్ర వైపు పాతపట్నం నుంచి తెలిసినవాళ్లని తెచ్చుకోవడం మన ఊళ్లో మామూలే, పనితనం బాగుంటే అదీ మంచిదే. అయితే మీటరు దగ్గర లోడు పెంచడం లాంటి దరఖాస్తులకి ఇక్కడి లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు సంతకం అవసరం పడుతుంది. ఆ మాట ముందే అడిగి పెట్టుకోండి.

ఇక అసలు జివ్వుమనడం ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవాలి. మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయని నా అనుమానం.

మెషీన్ మీద తెలిసేది చాలావరకు దాని లోపలి ఫిల్టర్ వల్ల కావచ్చు. ఇప్పటి వాషింగ్ మెషీన్లు, కంప్యూటర్లు, టీవీల్లో కరెంటుని శుభ్రం చేసే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ రేకుకి కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే రేకు మీద సగం వోల్టేజీ, అంటే 115 వోల్టుల దాకా కనిపిస్తుంది. టెస్టర్ వెలుగుతుంది, చెయ్యి జివ్వుమంటుంది, కానీ దాని వెనక ఉండే కరెంటు చాలా తక్కువ. అది మెషీన్ పాడైందని చెప్పే గుర్తు కాదు, ఇంటికి ఎర్త్ లేదని చెప్పే గుర్తు. టెస్టర్‌కి ఈ రెంటికీ తేడా తెలియదు, లేశమాత్రం కరెంటుకీ అది వెలుగుతుంది. అందుకే టెస్టర్ ఒక్కటే జేబులో పెట్టుకుని వచ్చినవాళ్ల మాట మీద నిర్ణయాలు తీసుకోకండి.

కుళాయి సంగతి వేరు. అది వాన పడ్డప్పుడే వస్తోందంటున్నారు. నాకు దాని గురించే ఎక్కువ భయంగా ఉంది. పెంకుటిల్లూ స్లాబూ కలిసే చోట నీరు దిగడం దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది. ఆ గోడలోనే బాత్రూంకి వెళ్లే వైర్ల పైపు ఉండి ఉంటే, లోపల ఎక్కడో టేపు చుట్టిన అతుకు ఉంటే, ఆ గోడ తడిసినప్పుడల్లా కరెంటు గోడలోకి, గోడలోంచి ఇనుప నీళ్ల పైపులోకి పాకుతుంది. గీజరు ఉంటే దాన్నీ అనుమానించాలి. లోపల కాయిల్ చిట్లినా కుళాయికి షాక్ వస్తుంది. కొన్ని ఇళ్లలో గీజరు స్విచ్‌ని పొరపాటున న్యూట్రల్ మీద వేస్తారు. స్విచ్ ఆపినా కాయిల్‌కి ఫేజు అంటుకునే ఉంటుంది, నీళ్లు మాత్రం కాగవు. కాబట్టి గీజరుకి రెండు తీగలనూ ఒకేసారి తెంచే డబుల్ పోల్ స్విచ్ ఉండాలి.

చేత్తో తాకి చూడటం, చేతి వెనక వైపు ఆనించి చూడటం లాంటివి మీరు చేయకండి, మిస్త్రినీ చేయనివ్వకండి. మెగ్గర్ (తీగల తొడుగులోంచి కరెంటు కారుతోందేమో కొలిచే పరికరం) తెమ్మని అడగండి. మెయిన్ ఆపి, ఇంట్లో ఉన్న ప్లగ్గులన్నీ పీకి, బల్బులు తీసి, ఫేజు న్యూట్రల్ రెంటినీ కలిపి ఎర్త్‌తో 500 వోల్టుల మెగ్గర్ పెట్టి చూస్తారు. ఒక మెగా ఓమ్ (ఓమ్ అంటే కరెంటుకి ఉండే అడ్డు కొలత, మెగా ఓమ్ అంటే పది లక్షల ఓములు) కంటే తక్కువ చూపిస్తే ఆ సర్క్యూట్‌లో కరెంటు కారుతున్నట్టే. బోర్డు బోర్డుకీ విడివిడిగా చూడాలి. ఇది ఎండ కాసిన రోజున చూస్తే అంతా బాగున్నట్టే కనిపించవచ్చు. మీ ఇంట్లో ఇది వాన పడ్డ మర్నాడు చూడాలి. ఆ మాట గట్టిగా చెప్పండి.

ఎర్త్ విషయానికి వద్దాం. పెంకుటింటి భాగంలో రెండు తీగలే ఉంటాయి, ఎర్త్ తీగ లాగే అలవాటు అప్పట్లో తక్కువ. స్లాబు గదుల్లో పచ్చ తీగ ఉండే ఉంటుంది. కానీ అది మీటరు బోర్డు వెనక చుట్టచుట్టి వదిలేసి ఉందో, గోడకి కొట్టిన మేకుకి కట్టి ఉందో చూడాలి. నీళ్ల కుళాయి పైపుకి కట్టడం కూడా చూస్తుంటాం. అది ఎర్త్ కాదు. మధ్యలో ఎక్కడో ఒక మూర ప్లాస్టిక్ పైపు ఉంటే భూమితో సంబంధమే ఉండదు, పైగా షాక్ ఇంట్లోని కుళాయిలన్నిటికీ పంచినట్టు అవుతుంది. మీ కుళాయి కథ వెనక ఇదే ఉన్నా ఆశ్చర్యపోను. బాత్రూం గోడ దగ్గర పైపుకి ఎక్కడైనా పచ్చ తీగ చుట్టి ఉందేమో కంటితో చూడండి, ముట్టుకోకండి.

ఎర్త్ గొయ్యి మీటరుకి దగ్గరలో, ఇంటి గోడకి కనీసం ఒకటిన్నర మీటరు దూరంలో, ఎప్పుడూ కాస్త తేమ ఉండే చోట తీయించండి. వంటింటి నీళ్లు పారే అరటి పాదు పక్కన అయితే చాలా బాగుంటుంది. 40 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత ఇనుము) పైపు, రెండున్నర మీటర్ల పొడవుది, కన్నాలు వేసి దింపుతారు, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేస్తారు. మన వైపు చాలాచోట్ల పైన ఎర్రమట్టి, కొంచెం దిగితే రాయి. నాలుగడుగులకే రాయి తగిలిందని పైపు సగం కోసి పాతేసి పోయేవాళ్లు ఉన్నారు. గొయ్యి మూయక ముందు మీరు దగ్గరుండి పైపు పొడవు చూడండి. నిజంగానే దిగకపోతే పక్కన దూరంగా ఇంకో పైపు వేసి రెంటినీ కలపాలి. తీగ బిగించే బోల్టు మట్టిలో పూడిపోకూడదు, ఉప్పుకి తుప్పు పట్టి రెండేళ్లలో తెగిపోతుంది. చుట్టూ ఇటుకలు పేర్చి మీద మూత పెట్టించండి. వేసవిలో ఆ గొయ్యిలో అప్పుడప్పుడు రెండు బిందెల నీళ్లు పోయండి.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఎర్త్ వేయించాం కదా, ఇంక భయం లేదనుకుంటారు. లెక్క వేసి చూపిస్తాను. మంచి గొయ్యి కూడా మన నేలలో 20 ఓములు చూపించవచ్చు. మెషీన్‌లో ఫేజు తీగ రేకుకి తగిలిందనుకోండి. 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. ఆ సాకెట్టుకి ఉన్నది 16 ఆంపియర్ల ఎంసీబీ. పదకొండున్నరకి అది పడనే పడదు. ఎర్త్ తీగలో కరెంటు పారుతూనే ఉంటుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది, రేకు మీద ప్రమాదకరమైన వోల్టేజీ అలాగే ఉంటుంది. ఎర్త్ ఉండి కూడా మనుషులకి షాక్ కొట్టడానికి కారణం ఇదే.

మనిషి లెక్క ఇంకా చిన్నది. ఒక మిల్లీ ఆంపియరు దగ్గర జివ్వుమని తెలుస్తుంది. పది దాటితే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదలలేం. ముప్ఫై దాటి కొంతసేపు పారితే ఊపిరికీ గుండెకీ ముప్పు. 16 ఆంపియర్లంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. ఎంసీబీ వైర్లు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాపాడటం దాని పని కాదు.

మనిషి కోసం ఉన్నది ఆర్‌సీసీబీ. కొన్ని షాపుల్లో ఇప్పటికీ ఈఎల్‌సీబీ అనే అంటారు. ఇంట్లోకి ఫేజులో ఎంత వెళ్లిందో న్యూట్రల్‌లో అంతే తిరిగి వస్తోందా లేదా అని అది నిరంతరం చూస్తూ ఉంటుంది. ఎక్కడో గోడలోకో, కుళాయిలోకో, మనిషిలోకో కొంత జారిపోతే లెక్క తప్పుతుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేసరికి సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా రెండు తీగలనూ తెంచేస్తుంది. పైన చెప్పిన పదకొండున్నర ఆంపియర్లు దానికి చాలా ఎక్కువ. వేసవిలో గొయ్యి ఎండి 100 ఓములకి పోయినా రెండు ఆంపియర్ల పైనే పారుతుంది, వెంటనే పడిపోతుంది. మన రాతి నేలకి ఎర్త్, ఆర్‌సీసీబీ రెండూ కలిసి ఉండాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే సగం పనే అయినట్టు.

కొనేటప్పుడు దాని మీద 30 ఎంఏ అని ముద్రించి ఉందో లేదో చదివి తీసుకోండి. 100, 300 ఎంఏవి కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. అవి అగ్నిప్రమాదాలు ఆపడానికి, మనుషుల్ని కాపాడటానికి చాలవు. ఐఎస్ఐ గుర్తు ఉండాలి. మీ ఇంటికి రెండు పెట్టించండి, స్లాబు భాగానికి ఒకటి, పెంకుటింటికి ఒకటి. వానకి పాత భాగంలో పడిపోయినా స్లాబు గదిలో పాపకి ఫ్యాను తిరుగుతుంది. దాని మీద చిన్న టెస్ట్ బొత్తం ఉంటుంది. నెలకోసారి నొక్కండి, టక్కున పడాలి. పడలేదంటే మార్చేయాల్సిందే. మిస్త్రి బిగించి వెళ్లే ముందు మీ ఎదుటే నొక్కించండి.

ఒక సంగతి ముందే చెబుతున్నాను, లేకపోతే తర్వాత కంగారు పడతారు. పాత వైరింగుకి ఆర్‌సీసీబీ పెట్టిన మొదటి వారం అది మాటిమాటికీ పడవచ్చు. "ఇది మీ ఇంటికి పనికిరాదమ్మా, తీసేద్దాం" అని మిస్త్రి అంటాడు. ఒప్పుకోకండి. పడిందంటే ఎక్కడో కరెంటు కారుతోంది, లేదా ఒక గది న్యూట్రల్‌ని ఇంకో గది సర్క్యూట్‌తో కలిపేశారు. పాత ఇంట్లో ఒక గది జోడించినప్పుడల్లా దగ్గర్లో దొరికిన న్యూట్రల్‌కి ముడి వేసేయడం మామూలు కాబట్టి ఈ రెండోది మీ ఇంట్లో ఖాయంగా ఉంటుందనుకోండి. ఒక్కొక్క ప్లగ్గూ పీకుతూ, ఒక్కొక్క సర్క్యూటూ విప్పుతూ వెతకాలి. ఓ పూట పని. కుళాయి రహస్యం కూడా ఆ పూటే బయటపడుతుంది.

వైరింగ్ మొత్తం మార్చాలా అని అడిగారు. అక్కర్లేదు. మెగ్గర్‌లో బాగుంటే స్లాబు గదుల్లో రాగి తీగని అలాగే ఉంచుకోవచ్చు, ఎర్త్ తీగ గొయ్యికి కలిపితే చాలు. పెంకుటింటి భాగం మాత్రం మార్చుకోండి. అక్కడ అల్యూమినియం తీగే ఉండి ఉంటుంది, దానికి తర్వాత రాగి ముక్కలు అతికి ఉంటారు. ఆ అతుకులు కాలక్రమాన వదులై వేడెక్కుతాయి. అటక మీద ఎలుకలు కొరికిన చోట్లు కింద నుంచి కనిపించవు. మట్టి గోడల్ని చెక్కనివ్వకండి, గోడ మీదే ప్లాస్టిక్ కేసింగ్ పట్టీల్లో వేయించుకుంటే చవక, తర్వాత చూసుకోవడానికీ వీలు. లైట్లు, ఫ్యాన్లకి 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, వంటింటి ప్లగ్గులకి 2.5, గీజరుకీ రేపు ఏసీ పెట్టుకుంటే దానికీ 4. ఎంసీబీలు లైట్లకి 6 లేదా 10 ఆంపియర్లు, 2.5 తీగకి 16, 4 తీగకి 20. మాటిమాటికీ పడుతోందని తీగ మార్చకుండా పెద్ద ఎంసీబీ పెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు, ముందు కాలేది గోడలో ఉన్న తీగే. డబ్బు ఒకేసారి సర్దుబాటు కాకపోతే బాత్రూం, వంటిల్లు, మెషీన్ ఉన్న చోటు ముందు చేయించుకుని పడగ్గదుల లైట్లు తర్వాత చూసుకోండి.

మీటరు పక్కన పాత పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు రెండు ఉన్నాయా? ఒకటి ఫేజుకి, ఇంకోటి న్యూట్రల్‌కి ఉంటాయి. న్యూట్రల్ ఫ్యూజు ఉండకూడదు. అది ఒక్కటే కాలితే ఇల్లంతా చీకటిగా ఉంటుంది, తీగలన్నిటిలో కరెంటు మాత్రం ఉంటుంది. రెండూ తీయించి డబుల్ పోల్ మెయిన్ స్విచ్ పెట్టించండి.

పాప కోసం ఒక మాట. ఆర్‌సీసీబీ కూడా ఆపలేని షాక్ ఒకటి ఉంది, ఒక చెయ్యి ఫేజు మీద, ఇంకో చెయ్యి న్యూట్రల్ మీద పడితే దానికి తేడా తెలియదు. పిల్లలు రెండు కన్నాల్లో రెండు పుల్లలు పెట్టడం అంటే అదే. కింద ఉన్న సాకెట్లకి లోపల తలుపు ఉండే రకం వేయించండి. నేల మీద పాకే ఎక్స్‌టెన్షన్ బాక్సుని ఇంట్లోంచి తీసేయండి. ఫోను తీసేశాక కూడా ఛార్జర్ ప్లగ్గులో వేలాడుతూ ఉంటే తీగ కొసని పిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

చెప్పుల సంగతి కూడా చెప్పాలి. చెప్పులు వేసుకుంటే తెలియకపోవడం నిజమే, కరెంటుకి కాళ్ల గుండా నేలకి దారి దొరకదు. కానీ అదే మనిషి ఒక చేత్తో మెషీన్, ఇంకో చేత్తో కుళాయి పట్టుకుంటే చెప్పులు అడ్డు రావు, కరెంటు గుండె మీదుగా పోతుంది. మీ ఇంట్లో ఆ రెండూ పక్కపక్కనే ఉంటే మరీ జాగ్రత్త. పాప ఎలాగూ చెప్పుల్లేకుండానే తిరుగుతుంది.

పెరట్లో బట్టల దండెం దేనితో కట్టారో చూడండి. సర్వీసు వైరుని మోసే జీఐ తీగ గోడకి బిగించిన చోటే ఇంకో ఇనుప తీగ కట్టి బట్టలు ఆరేసే ఇళ్లు మన వీధుల్లో ఎన్నో ఉన్నాయి. గాలికి ఊగీ ఊగీ సర్వీసు వైరు తొడుగు రాసుకుపోయి, ఆ జీఐ తీగకి కరెంటు పాకుతుంది. తడి చీర విదిల్చి వేసేటప్పుడు తెలుస్తుంది. మీటరుకి అవతల, స్తంభం వైపు ఉన్న దీన్ని ఏ ఆర్‌సీసీబీ కూడా ఆపలేదు. నైలాన్ తాడో కొబ్బరి తాడో, గోడకి వేరే చోట కట్టండి. సర్వీసు వైరు తొడుగు పగిలినట్టు కనిపించినా, ఉన్నట్టుండి లైట్లు మరీ ఎక్కువగా వెలగడం, మరీ మందంగా వెలగడం జరిగినా మెయిన్ ఆపి 1912కి ఫోన్ చేయండి, లైట్లు అలా మారడం న్యూట్రల్ వదులైన గుర్తు. మీటరు దాకా ఉన్నది కరెంటు కంపెనీ పని, డబ్బిచ్చి ప్రైవేటు మనిషిని స్తంభం ఎక్కించకండి.

పైవన్నీ అయ్యాకే ఇన్వర్టర్. దాచిన డబ్బులో ఎర్త్‌కీ ఆర్‌సీసీబీలకీ అయ్యేది బ్యాటరీ ఖరీదులో చిన్న వంతే. బిగించేటప్పుడు ఇన్వర్టర్ మీద నడిచే లైట్లు, ఫ్యాన్ల న్యూట్రల్‌ని మిగతా ఇంటి న్యూట్రల్‌తో కలపనివ్వకండి, కలిపితే ఆర్‌సీసీబీ నిలవదు. దాని రేకుకీ ఎర్త్ ఉండాలి. ఇన్వర్టర్ వచ్చాక మెయిన్ ఆపినా కొన్ని తీగల్లో కరెంటు ఉంటుందని ఇంట్లో అందరికీ తెలియాలి. తుపాను రోజుల్లో అద్దె జనరేటరు తెచ్చి రెండు పిన్నుల తీగతో సాకెట్టులో గుచ్చి ఇల్లు వెలిగించే పని ఎవరు చెప్పినా చేయకండి. ఆ కరెంటు మీటరు దాటి వెనక్కి వీధి తీగల్లోకి పోతుంది, కరెంటు లేదనుకుని స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మన్‌కి తగులుతుంది.

ఎవరికైనా షాక్ కొట్టి పట్టుకుపోతే ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపాలి. మెయిన్ దూరమైతే పొడి కర్రతో నెట్టాలి. ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేసి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్లు దిగేలా గట్టిగా నొక్కుతూ ఉండాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. మెయిన్ ఎక్కడుందో అత్తగారికి చూపించి, ఆవిడ చేత్తోనే ఒకసారి ఆపించండి.

వాన పడ్డ మర్నాడు మెగ్గర్ పెట్టించినప్పుడు మూడు అంకెలు కాగితం మీద రాయించుకోండి: పెంకుటింటిది ఎంత, బాత్రూం సర్క్యూట్‌ది ఎంత, ఎర్త్ గొయ్యి ఎన్ని ఓములు (దీన్ని కొలవడానికి మెగ్గర్ కాదు, వేరే ఎర్త్ టెస్టర్ కావాలి). అవీ, కరెంటు పోయినప్పుడు ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు నడవాలో ఆ లెక్కా రాసి పంపితే మీకు ఎంత ఇన్వర్టర్, ఎంత బ్యాటరీ సరిపోతుందో చెబుతాను.